నేలకు దించిన తీగ

"నిద్రపోయాను సైలస్ బాబాయ్. కలగన్నాను. అంతే రాసుకోండి," అన్నాడు ఎబెన్ టిజార్డ్.

చెప్పింది చెప్పినట్టు రాసుకుపోవడానికి నేనేం గుమాస్తానా? హెడ్ కానిస్టేబుల్‌ని. పన్నెండు మైళ్ళు పొగమంచులో, తెడ్డు వేసేవాడి ముఖం కూడా కనిపించని పడవలో వచ్చాను. మోకాలు సలుపుతోంది. పొద్దున్న తిన్న ఉప్పుచేప ఇంకా గొంతులోనే ఉంది. ఇంత అవస్థపడి షాగ్ పాయింట్ వైర్‌లెస్ స్టేషన్‌కి చేరితే, ఇతగాడు నాకు కల చెప్పి పంపించేద్దామనుకుంటున్నాడు.

గోడ గడియారం మూడుకి ఐదు నిమిషాలు తక్కువ. కిటికీ అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. సముద్రం అక్కడే ఉందని చప్పుడును బట్టి నమ్మాలి. రెండు నిమిషాలకోసారి దీపస్తంభం దగ్గరి బూర మూలిగి ఊరుకుంటోంది. ఆ మూలుగుకీ మూలుగుకీ మధ్య మనిషికి తను మెలకువగా ఉన్నాడో లేదో తెలీదు. ఆ గదిలో ఒక వారం కూర్చుంటే నేనైనా కలలు కంటాను, అబద్ధమెందుకు.

"నిన్న కల కాదని ప్రమాణం చేశావుగా," అన్నాను.

"నిన్న తెలీలేదు."

"ఇవాళ ఎన్నింటికి తెలిసింది?"

ఎబెన్ దగ్గాడు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, చూసుకోకుండానే జేబులో దోపుకున్నాడు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. కళ్ళ కింద మసి పూసినట్టుంది.

"పొద్దున్న," అన్నాడు.

"మేజిస్ట్రేటుకి వైరు ఏడూ పదికి ఇచ్చావు. 'నిన్నటి కబురు అబద్ధం, నేను కలగన్నాను, కర్లూని మళ్ళీ వెతకమనండి' అని. ఏడింటికి ఏం చేస్తున్నావు?"

"టీ తాగుతున్నాను."

"టీ తాగితే కల గుర్తొచ్చిందన్నమాట!"

వాడు నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

సంగతేమిటో చెబుతాను. లాబ్రడార్ నుంచి చేపల సరుకుతో రావాల్సిన స్టీమర్ హెస్టర్ ఆన్. అందులో ఇరవైముగ్గురు. శనివారం రావాలి, ఇవాళ మంగళవారం. దానిలో సంకేతాలు కొట్టే వైర్‌లెస్ కీ దగ్గర కూర్చునేవాడు జాబెజ్ బ్లండన్, ఈ ఎబెన్ భార్య థిర్జాకి స్వయానా తమ్ముడు. ఆదివారం నుంచి కర్లూ అనే టపా స్టీమర్ దక్షిణం వైపు వెతుకుతూ వచ్చింది. నిన్న మధ్యాహ్నం రెండూ ముప్పై ఒకటికి ఎబెన్ చెవిలో ఒక సన్నటి సంకేతం పడింది: "అంతా క్షేమం. పొగమంచు విడిచేదాకా గూస్ హార్బర్‌లో ఉంటాం. బాటరీ అయిపోతోంది. జాబెజ్." గూస్ హార్బర్ నలభై మైళ్ళు ఉత్తరాన ఉంది. అక్కడ తీగా లేదు, మనిషీ లేడు, అడిగి తెలుసుకోవడానికి. కబురు విని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. కర్లూ వెతకడం మానేసి బొగ్గు నింపుకోవడానికి బర్చీ కోవ్ వెళ్ళిపోయింది. ఐదింటికి టపాతో సెయింట్ జాన్స్ బయలుదేరుతుంది. అది వెళ్ళిపోతే మళ్ళీ స్టీమర్ శుక్రవారమే.

అంటే నాకున్నది రెండు గంటలు. వాళ్ళు గూస్ హార్బర్‌లో లేకపోతే మాత్రం, ఆ ఇరవైముగ్గురికి ఎంత ఉందో దేవుడికే తెలియాలి.

తలుపు తోసుకుని మిస్టర్ హోల్ట్ లోపలికొచ్చాడు. కంపెనీ ఇంజనీరు, ఇంగ్లండ్ మనిషి. వారం రోజులుగా పరికరాల తనిఖీకి వచ్చి ఇక్కడే ఉన్నాడు. ఈ మంచులో కూడా కాలరు పెళపెళలాడుతోంది.

"మిస్టర్ నోస్వర్తీ, మీరు తప్పిపోయిన గొర్రెల కేసులు చూస్తుంటారని విన్నాను," అన్నాడు నన్ను చూసి.

"గొర్రెలు దొరికాయి సర్. అందుకే ఖాళీగా ఉన్నాను."

"అయితే అనవసరంగా శ్రమపడ్డారు. కబురు నిజం. ఇతనికి ఒళ్ళు బాగాలేదు, నరాలు తెగేదాకా కూర్చున్నాడు, ఇప్పుడు తన చెవుల్నే తను నమ్మడం లేదు. పొద్దున్నే ఇతన్ని డ్యూటీ నుంచి తప్పించాను. ఇకనుంచి నా సంతకం లేకుండా ఈ స్టేషన్ నుంచి ఒక్క అక్షరం బయటికి పోదు."

"కబురు నిజమని మీకెలా తెలుసు? మీరు విన్నారా?"

"నేను అప్పుడు ఇంజను షెడ్డులో ఉన్నాను. కానీ చూడండి." లాగ్ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ఇంత నిజాయితీగా రాసే మనిషి కలగంటాడా?"

చదివాను. అక్షరాలు పూసలు గుచ్చినట్టున్నాయి. రెండూ పది: మెరుపులు, ఏరియల్ నేలకు దించాను. రెండూ ముప్పై ఒకటి: హెస్టర్ ఆన్, చాలా సన్నగా. రెండూ నలభై: బర్చీ కోవ్ మీదుగా కర్లూకి వైరు ఇచ్చాను. రెండూ యాభై: మెరుపులు తగ్గాయి, ఏరియల్ ఎత్తాను.

రెండోసారి చదివాను. నా మోకాలి నొప్పి కూడా ఒక్క క్షణం ఆగింది.

"ఏరియల్ నేలకు దించి ఉంటే కబురెలా వచ్చింది?"

హోల్ట్ ముఖం వెలిగిపోయింది. ఈ ప్రశ్న ఎవరడుగుతారా అని కాచుక్కూర్చున్నాడు పాపం. "అదే కదా విశేషం! గాలిలోంచి సంకేతాల్ని పట్టే తీగ, పిడుగు భయానికి భూమిలోకి కలిపేసి ఉంది. ఇంకే స్టేషన్ అయినా రాయిలా పడి ఉండేది. మా పరికరం మాత్రం విన్నది! ప్రపంచంలో ఇంత సూక్ష్మమైన సంకేతం ఎవరూ పట్టలేదు. నిన్న సాయంత్రమే పత్రికలకి పంపాను."

ఎబెన్ వైపు తిరిగాను. "ఏరియల్ దించాక హెడ్‌ఫోన్లు తీసెయ్యాలిగా? ఎందుకు పెట్టుకు కూర్చున్నావు?"

"ఏమీ వినపడదని తెలుసు బాబాయ్. అయినా తియ్యబుద్ధి కాలేదు. తీస్తే అప్పుడే పిలుస్తాడేమోనని."

"వినపడగానే ఏమనుకున్నావు?"

వాడు తల దించుకున్నాడు. "నా స్ఫటికం బంగారం అనుకున్నాను."

నాకు అర్థమైంది. పోలీసులో చేరకముందు పదకొండేళ్ళు టెలిగ్రాఫ్ తీగల మీద పనిచేసినవాణ్ణి. ఈ వైర్‌లెస్ కుర్రాళ్ళ సంగతి తెలుసు. ఒక్కొక్కడికీ సొంత స్ఫటికం ఉంటుంది, చిక్కుడుగింజంత, సీసంలా మెరిసే రాయి. దగ్గుబిళ్ళల డబ్బాలో దూది మధ్య దాచుకుంటాడు. చేత్తో ముట్టనివ్వడు, వేలి జిడ్డు తగిలితే చచ్చిపోతుందంటాడు. దాని మీద వెంట్రుకంత తీగ ఆనించాలి. పిల్లిమీసం అంటారు దాన్ని. రాయంతటా మొద్దు, ఒక్కచోట మాత్రం ప్రాణం ఉంటుంది. ఆ చోటు దొరికితే వందల మైళ్ళ అవతలి మాట వినిపిస్తుంది. తుమ్మితే పోతుంది. మా తీరంలో మగవాళ్ళు గొప్పలు చెప్పుకునేది రెంటి గురించే, తన పడవ, తన స్ఫటికం. ఏరియల్ లేకుండా కబురు వస్తే ఇంకెవడైనా "ఇదెక్కడి చోద్యం" అని లేచి చూస్తాడు. వీడు "ఆహా నా రాయి" అనుకున్నాడు.

"ఆ చెయ్యి జాబెజ్‌దేనా?" కీ కొట్టే తీరును మా వాళ్ళు చెయ్యి అంటారు. గొంతు పోల్చినట్టే పోలుస్తారు.

"వాడిదే బాబాయ్. చివరి గీత కొంచెం సాగదీస్తాడు. థిర్జానే నేర్పింది వాడికి, పెళ్ళికి ముందు తనూ టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసిందిగా. అచ్చం..." ఠక్కున ఆగాడు. "కలలో ఎవరి చెయ్యైనా వినిపిస్తుంది. కల అన్నానుగా!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. కానీ వీడు తడుముతున్నవి తన భుజాలు కావు.

"సరే. నిన్న ఎలా ఉందో అలాగే పెట్టు. ఏరియల్ దించు. నేను వింటాను."

హోల్ట్ వాచీ తీసి చూశాడు. "మూడున్నర. మీకు ఆటలు ఆడుకోవడానికి బోలెడు తీరిక ఉన్నట్టుంది."

"మీరు కూడా కూర్చోండి సర్. ఆటకి ఇద్దరుంటేనే బాగుంటుంది."

ఎబెన్ స్విచ్ కిందికి వేశాడు. పట్టకారుతో స్ఫటికాన్ని సరిచేసి, ఊపిరి బిగబట్టి పిల్లిమీసాన్ని రాయి మీద ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు. పసిబిడ్డ కనురెప్ప మీద నలుసు తీస్తున్నట్టు చేశాడు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

మొదట ఏమీ లేదు. తర్వాత నా రక్తం చప్పుడు. ఆ తర్వాత ఆ ఏమీ లేనిదే పెద్దదవుతూ వచ్చింది. గది, హోల్ట్ కాలరు, బూర మూలుగు, అన్నీ ఎక్కడో ఒడ్డున ఉండిపోయినట్టు, నేనొక్కణ్ణే తెల్లటి నీళ్ళ మీద తేలుతున్నట్టు అనిపించింది. చచ్చిపోయిన మా అమ్మ పక్క గదిలో చెంచాలు తుడుస్తోందేమో అనిపించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. రెండు రోజులు ఇలా కూర్చున్నవాడికి వినిపించనిదంటూ ఏముంటుంది? నిజంగానే కలగన్నాడేమో పాపం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే చెవిలో లెంపకాయ కొట్టినట్టు మోగింది.

ఒక పెద్దది. ఒక చిన్నది. మళ్ళీ ఒక చిన్నా, ఒక పెద్దా. చివరిది కొంచెం సాగింది. పదకొండేళ్ళు అదే భాషలో బతికిన చెవి, మరిచిపోతుందా! హెడ్‌ఫోన్లు పీకేసి లేచాను.

"టీ అంటోంది!"

"ఓ, అదా," అన్నాడు హోల్ట్ చిరాగ్గా. "వంటింటి గంట. మిసెస్ టిజార్డ్ టీకి పిలుస్తోంది. రోజూ ఉండేదే."

"రోజూ ఉండేదా?"

"దీనికీ కేసుకీ ఏం సంబంధం?"

మూడూ యాభై. వారం రోజులుగా ఈ ఇంట్లో ఉన్న ఇంజనీరుకి, ఇంట్లోంచి కూడా సంకేతం రావచ్చని తట్టలేదు. ఎందుకంటే అది సంకేతం కాదు, టీ! నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఎబెన్, ఏమిటిది?"

వాడి ముఖం గోడలా పాలిపోయింది. "పెళ్ళయిన కొత్తలో చేశాను బాబాయ్. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తను ఎంత పిలిచినా నాకు వినపడేది కాదు. అన్నం చల్లారిపోయేది. అలిగేది. అందుకని వంటింట్లో ఒక చిన్న బజర్, ఒక కీ పెట్టి, దాని తీగ గోడలోంచి ఈ బల్ల కిందకి లాగాను. తను అక్కడ నొక్కితే నా చెవిలో..." వేలితో బల్ల అంచు తడిమాడు. "గుసగుసలాడినట్టుండేది."

"గుసగుసా? నాకు చెవి పగిలిపోయింది."

వాడు మళ్ళీ రుమాలు తీసి దగ్గాడు.

"పొద్దున్న ఏడింటికి కూడా ఇలాగే మోగింది కదూ?"

"బాబాయ్, వద్దు."

"అప్పుడే తెలిసింది నీకు. తీగ ఎవరో కదిపారని. బల్ల కిందికి వంగి చూశావా?"

"వంగలేదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. "వంగితే చూడాల్సొస్తుందిగా."

నేను వంగాను. మోకాలు ఎన్ని తిట్లు తిట్టిందో ఇక్కడ రాయను. బల్ల అడుగున వరసగా పింగాణీ గుబ్బలు నాలుగు ఉన్నాయి. వాటి మీద ఉండాల్సిన తీగ వాటి మీద లేదు. గుబ్బల చుట్టూ దుమ్ము, తీగ కూర్చున్నచోట మాత్రం శుభ్రంగా గీత. తీగని ఎవరో కంగారుగా తెచ్చి, ఏరియల్ దిగే మేకుకి రెండు చుట్లు చుట్టేసి వదిలేశారు. చుట్టు మీద ఎండిన పిండి ముద్ద, వేలిముద్రతో సహా.

"తీగ గుబ్బల మీద ఉంటే గుసగుస," అన్నాను లేస్తూ. "మేకుకి చుడితే లెంపకాయ. తీసి గోడ పక్కన నేల మీద పారేస్తే ఏమవుతుంది మిస్టర్ హోల్ట్? నలభై మైళ్ళ అవతల బాటరీ అయిపోతున్న ఓడలా వినిపించదూ?"

హోల్ట్ కాలరు సవరించుకున్నాడు. "మీరు ఒక ఆడమనిషి మీద నిందలు వేస్తున్నారు. కంపెనీ లాయర్లకి రాస్తాను. మీ టోపీ ఊడుతుంది."

"తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవు సర్. టోపీ పోతే పోయింది, బట్టతల ఎలాగూ అందరికీ తెలుసు. ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోండి. వచ్చిందల్లా రాయండి. అది చాలు."

మేకు మీది చుట్లు విప్పి తీగను గోడ వారన నేల మీద పడేశాను. వంటింటి తలుపు తీశాను.

థిర్జా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నాలుగు కప్పులు పెట్టింది. మొలాసిస్ పాకం పూసిన రొట్టె ముక్కలు కోసి పెట్టింది. ఆ గోడకి అంత మందం లేదు, మా మాటలన్నీ వినే ఉంటుంది.

"పాలు వెయ్యనా బాబాయ్?" అంది, నా వైపు చూడకుండా.

"వెయ్యమ్మా. జాబెజ్‌కి కోడ్ నేర్పింది నువ్వేనటగా?"

"వాడికి తొమ్మిదేళ్ళప్పుడు. ఈ బల్ల మీదే, చెంచాతో."

అలమరలో టీ డబ్బా పక్కన బజర్ ఉంది. పక్కనే చిన్న ఇత్తడి కీ. దాని పిడికి కూడా పిండి.

"అమ్మాయ్, నిన్న రెండున్నరకి పంపింది మళ్ళీ పంపు."

ఆమె పాలగిన్నె కింద పెట్టింది. రొట్టె ముక్కలు వరసగా సర్దింది.

"రెండు రాత్రులు కూర్చున్నాడు బాబాయ్," అంది చివరికి. "కన్ను మూయలేదు. రుమాళ్ళు నేనే ఉతుకుతాను, వాటికేం అంటుతోందో నాకు తెలుసు. పడుకోవయ్యా అంటే, జాబెజ్ పిలుస్తాడు, నేను లేకపోతే ఎలా అంటాడు. ఆ ఓడ ఏనాడు సమయానికి వచ్చింది? పోయిన ఏడాది ఆరు రోజులు ఆలస్యం. వాడు ఎక్కడో లంగరేసుకుని చేపలు వేయించుకు తింటుంటాడు, ఇక్కడ ఈ మనిషి చచ్చిపోతాడు అనుకున్నాను. రెండు గంటలు నిద్రపోతే చాలు, లేచాక నేనే చెప్పేస్తాను అనుకున్నాను. గోడ ఇవతల నుంచి తీగ లాగి గుబ్బల మీంచి ఊడదీశాను."

"ఏరియల్ దించి ఉందని తెలీదా?"

"ఇక్కడ్నుంచి ఎలా కనిపిస్తుంది?" అప్రాన్ అంచుతో ముఖం తుడుచుకుంది. "పడుకునేముందు కర్లూకి వైరు ఇస్తాడని తట్టలేదు బాబాయ్. నా బుద్ధి గడ్డి తింది. గట్టిగా నవ్వాడు. పెళ్ళయ్యాక అంత నవ్వడం అదే మొదలు. నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. మన జాబెజ్ దొరికాడే అని. తిప్పేసి, అలాగే మంచం మీద పడి నిద్రపోయాడు. ఇంకేం చెప్పను? ఎలా చెప్పను? నేల మీది తీగని మాత్రం మళ్ళీ పైన కట్టెయ్యాలని, కంగారులో చేతికి దొరికిన మేకుకి చుట్టాను."

"వాడికి పొద్దున్నే తెలిసిపోయింది."

"తెలుసు. టీ కప్పు తీసుకుంటూ నా చెయ్యి ఒకసారి నొక్కాడు. అప్పట్నుంచి ఇద్దరం ఆ మాట ఎత్తలేదు."

ఇన్నేళ్ళలో ఎన్నో నేరాలు చూశాను. ఎవరినైనా తిట్టడానికి నోరు రాని నేరం ఇదొక్కటే. కానీ గోడ మీద గడియారం నాలుగూ పన్నెండు.

"పంపమ్మా," అన్నాను. "అది విన్నాకే ఆయన సంతకం పెడతాడు."

ఆమె కీ మీద చెయ్యి వేసింది. తెరిచిన తలుపులోంచి హోల్ట్ కనిపిస్తున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, నోరు బిగించుకుని ఉన్నాడు. ఆమె మొదలుపెట్టింది. పెన్సిలు దానంతటదే కదిలింది, అలవాటైన చెయ్యి కదా. అంతా క్షేమం. గూస్ హార్బర్. బాటరీ. జాబెజ్. ఎడమ చేత్తో ఆయన తీగచుట్ట మీది ఇత్తడి నాలుకని ఇటు జరిపాడు, అటు జరిపాడు. దూరపు ఓడ అయితే ఒక్కచోటే శ్రుతి కలుస్తుంది, వెంట్రుకంత జరిగితే మాయమవుతుంది. ఇది ఎక్కడ పెట్టినా ఒక్కలాగే వినిపిస్తోందని ఆయన ముఖమే చెప్పింది.

జాబెజ్ పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగలేదు. హోల్ట్ పెన్సిలూ ఆగలేదు. నేను పక్కన నిలబడి చెవితోనే చదువుకున్నాను: "ఎబెన్ తప్పు లేదు. తప్పు నాది. థిర్జా."

హోల్ట్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. తను రాసిన కాగితం వంక చాలాసేపు చూశాడు.

"పత్రికలకి పంపాను," అన్నాడు నీరసంగా.

"రేపటికి వాటిలో చేపలు చుట్టుకుంటారు సర్. సంతకం పెట్టండి."

పెట్టాడు. మాట మాట్లాడకుండా తనే టెలిగ్రాఫ్ దగ్గర కూర్చుని బర్చీ కోవ్‌కి వైరు కొట్టాడు. మనిషి పొగరుబోతే గానీ చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నాలుగూ ముప్పై ఆరుకి కర్లూ కెప్టెన్ జవాబు వచ్చింది. "వెతకడానికి సిద్ధం. ఎటు వెళ్ళాలి? నూరు మైళ్ళ తీరం, పొగమంచు. ఐదులోపు దారి చెప్పండి."

ఎటు అంటే ఏం చెప్పాలి?

"పావుతక్కువ ఐదు," అన్నాడు ఎబెన్ ఉన్నట్టుండి. గంటలో ప్రతి పావుకీ మూడు నిమిషాలు తీరం మొత్తం మీద ఎవరూ కీ ముట్టరు. బలహీనంగా పిలిచేవాళ్ళెవరైనా ఉంటే వినడానికని ఆ నిశ్శబ్దం. "మిస్టర్ హోల్ట్, నన్ను కూర్చోనిస్తారా?"

హోల్ట్ లేచి కుర్చీ వాడి వైపు తోశాడు.

ఎబెన్ ఏరియల్ ఎత్తాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. స్ఫటికం మీద పిల్లిమీసాన్ని ఆనించి, తల ఎత్తకుండా అన్నాడు, "థిర్జా, వెళ్ళి ఒక్క చుక్క కొడుతూ ఉండు. సన్నగా. ప్రాణం ఉన్న చోటు దొరకాలి నాకు."

పొద్దున్నుంచి వాడు ఆమెతో ఆ సంగతి మీద మాట్లాడిన మొదటి మాట అది. ఆమె పరుగెత్తింది. గోడ అవతల చుక్క, చుక్క, చుక్క. వాడి వేళ్ళు రాయి మీద వెతికాయి. వాడి ముఖం మెల్లగా విచ్చుకుంది.

"చాలు. ఇటు వచ్చెయ్యి."

ఆమె వచ్చి వాడి భుజం వెనక నిలబడింది. నాలుగూ నలభై ఐదు. బూర ఒకసారి మూలిగి ఆగింది. ఎవరం ఊపిరి తియ్యలేదు. ఆ తెలుపులో మేం నలుగురమే లోకంలో మిగిలినట్టుంది.

ఎబెన్ ఇత్తడి నాలుకని వెంట్రుకవాసి జరిపాడు. ఆగాడు. వెనక్కి జరిపాడు. మళ్ళీ అదే చోటికి తెచ్చాడు.

"ఒక్కచోటే వస్తోంది," అన్నాడు గుసగుసగా.

నేను వంటింటి వైపు చూశాను. పొయ్యి ముందు ఎవరూ లేరు. కీ ఖాళీగా ఉంది.

ఎబెన్ ఒక చెవి తొడుగు తీసి థిర్జా చెవికి ఆనించాడు. ఆమె పెదవులు కదిలాయి, ఒక్కొక్క మాటే బయటికొచ్చింది.

"అక్కచెల్లెళ్ళ గుట్టల మీద... ఇరుక్కున్నాం... నిన్న సాయంత్రం ఆరు నుంచి పిలుస్తున్నాం. షాగ్ పాయింట్... మీకు వినిపించడం లేదా?"

హోల్ట్ అప్పటికే బర్చీ కోవ్‌కి వైరు కొడుతున్నాడు. నేను మాత్రం ఆ మేకు వైపు చూశాను. నిన్న మూడు గంటల నుంచి ఇవాళ నేను విప్పేదాకా, ఏరియల్ మీంచి దిగిన ప్రతి సన్నటి సంకేతాన్నీ ఆ రెండు చుట్లు వంటింటి తీగలోకి తాగేశాయి. దగ్గరి ఓడలు వినిపించాయి, దూరంగా నీరసించినవాడు వినిపించలేదు. వాడు రాత్రంతా ఈ గదినే పిలిచాడు. థిర్జాకి నేను చెప్పక్కర్లేదు. ఆమె కూడా ఆ మేకు వైపే చూస్తోంది.

ఆ గుట్టలు సముద్రం మధ్యలోని రాళ్ళు, ఇక్కడికి దక్షిణంగా ఉన్నాయి. కర్లూకి మూడు గంటల ప్రయాణం. పోటు ఎనిమిదింటికి, ఇవాళ్టిది నిన్నటికంటే పెద్ద పోటు, అందులో ఆ గుట్టలు పూర్తిగా మునుగుతాయి. మూడు నిమిషాలూ అయిపోయాయి.

ఎబెన్ లేచి నిలబడ్డాడు. పెద్ద కీ ముందు కుర్చీ ఆమెకి చూపించాడు. "నీ చెయ్యి వాడికి తెలుసు. నువ్వే చెప్పు."

"నేనా? ఈ చేత్తోనా?"

"ఆ చేత్తోనే."

కూర్చుంది. కీ నొక్కగానే పక్క షెడ్డులో, సంకేతాన్ని గాల్లోకి పంపే నిప్పురవ్వ పెళపెళలాడింది, కిటికీ అద్దాలు అదిరాయి. "జాబెజ్. విన్నాం. కర్లూ వస్తోంది. పట్టుకుని ఉండండి."

ఆ అదురుకి స్ఫటికం చచ్చిపోయింది. ఎప్పుడూ అంతే. ఎబెన్ మళ్ళీ పిల్లిమీసం పట్టుకున్నాడు. ఆనించాడు, తీశాడు. ఆనించాడు, తీశాడు. చెమట చుక్క ముక్కు చివర వేలాడుతోంది, తుడుచుకోలేదు. గడియారం ముల్లు ఒక నిమిషం దాటింది. రెండు దాటింది. థిర్జా కళ్ళు మూసుకుంది.

వాడి చెయ్యి ఆగిపోయింది. చెవి తొడుగు ఆమెకి ఇచ్చాడు.

చాలా చిన్న కబురు. ఆమె పైకి చదవలేకపోయింది. కాగితం మీద రాసి నా వైపు తోసింది. చివరి గీత సాగదీసినట్టే రాసింది.

"నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అక్కా, నిజంగా నువ్వేనా?"